మా పేటలో మెక్సికన్ హోటల్: తిన్నవారి మాటలు, తినబోయేవారి సందేహాలు

కొర్లగుంట వాసి
శనివారం, రాత్రి 10.15

తిరుపతిలో మా వీధి మలుపున, ఇదివరకు రెడీమేడ్ బట్టల దుకాణం ఉన్న చోట, ఆరు నెలల కిందట ఒక మెక్సికన్ హోటల్ తెరిచారు. బోర్డు మీది పెద్ద టోపీని, మీసాల బొమ్మను చూసి ఇన్నాళ్లూ పక్కగా నడిచిపోయిన నేను, ఈ రోజు మా అబ్బాయి పోరు పడలేక అమ్మను, మా ఆవిడను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాను. హోటల్ పేరు రాయడం లేదు. ఎవరో కొత్తగా పెట్టుకున్న చిన్న వ్యాపారానికి నా ఒక్క పూట అనుభవంతో చెడ్డపేరు తేవడం నాకు ఇష్టం లేదు.

శనివారం మా ఇంట్లో మాంసం ముట్టరు కనుక నాచోస్, రాజ్మా టాకోలు, పనీర్ క్వెసడిల్లా, బురిటో బౌల్, బటర్ ఫ్రూట్‌తో చేసే గ్వాకమోలి చెప్పాము. నాచోస్ పరవాలేదు. టాకో తినడమే పెద్ద పరీక్ష అయింది. దొన్నెలా వంచిన ఆ కరకరలాడే పెంకు కొరకగానే నడిమికి చీలిపోయి, లోపలి రాజ్మా, ఎర్రగడ్డ ముక్కలు, తెల్లటి మయొనైజ్ అన్నీ కలిసి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. పక్క బల్ల దగ్గరి కాలేజీ పిల్లలు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు గానీ, కాసేపటికి వారి గతీ అంతే అయింది. క్వెసడిల్లాలోని టోర్టిల్లా అనే రొట్టె రాత్రి చేసిన మైదా చపాతీని పొద్దున వేడి చేసినట్టు సాగింది. సల్సా అని గిన్నెలో పెట్టినది టమోటా సాస్‌లో ఎర్రగడ్డ తరిగి కలిపినట్టు తియ్యగా ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్‌కు ఇంత దగ్గరలో ఉండి సీసాలోని టమోటా తినవలసి రావడం నాకు మింగుడు పడలేదు.

అమ్మ మాత్రం బురిటో బౌల్ తన ముందుకు లాక్కుని, "అన్నం, రాజ్మా, పచ్చి టమోటా, పైన నిమ్మకాయ. ఇందులో పరదేశం ఏముందిరా?" అని గిన్నె ఖాళీ చేసింది.

వంటకాల వెల మొత్తం రూ. 1,320. దాని మీద పది శాతం సేవా రుసుము రూ. 132, ఆ రెండింటి మీద అయిదు శాతం జీఎస్టీ రూ. 72.60 కలిపి రూ. 1,524.60 బిల్లు వచ్చింది. నాకు తెలియవలసినది ఇది: మెక్సికోలో నిజంగా ఇదే తింటారా, లేక మన పిల్లల నాలుక కోసం మార్చి పెడుతున్నారా? ఆ రొట్టె అలా ఎందుకు సాగింది?


బైరాగిపట్టెడ
శనివారం, రాత్రి 10.50

వంట సంగతి తెలిసినవారు చెబుతారు. బిల్లు సంగతి నేను చెబుతాను. సేవా రుసుమును బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు దాని మీద కోర్టుకు వెళితే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకపోతే తీసివేయమని అడగవచ్చు. అడిగినా తీయకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీ లెక్క ప్రకారం ఆ రుసుము లేకుండా బిల్లు రూ. 1,386 అవుతుంది. అంటే రుసుమూ దాని మీది పన్నూ కలిసి మీకు రూ. 138.60 అదనంగా పడింది. బల్ల తుడిచి, నీళ్లు పోసిన కుర్రవాడి చేతిలో ఆ డబ్బు నేరుగా పెట్టి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.


హ్యూస్టన్ నుంచి తిరిగివచ్చినవాడు
ఆదివారం, ఉదయం 7.30

కొర్లగుంట వాసి గారూ, నేను టెక్సాస్‌లో పదకొండేళ్లు ఉండి వచ్చాను. ముందుగా ఒక చిన్న సవరణ చేయనివ్వండి. స్పానిష్‌లో రెండు ఎల్ అక్షరాలను కలిపి యకారంలా పలుకుతారు కనుక అది టోర్టియా, రెండవది కేసడియా. మెనూలో ఎలా రాసినా కౌంటర్ దగ్గర ఎలా పలికినా తెచ్చేది అదే లెండి.

మీరు తిన్నదానిలో చాలా భాగం మెక్సికోది కాదు, టెక్సాస్ సరిహద్దుది. టెక్సాస్ 1836 వరకు మెక్సికోలోనే ఉండేది. అక్కడి మెక్సికన్ కుటుంబాల వంట, అమెరికా అంగళ్లలో దొరికే పసుపు రంగు చీజు, గోధుమపిండి, దండిగా జీలకర్ర కలిసి టెక్స్-మెక్స్ అనే వేరే వంటగా మారింది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ కరకర పెంకు కూడా అమెరికాలో వ్యాపించినదే. మెక్సికో నగరపు వీధుల్లో టాకో అంటే మెత్తటి చిన్న మొక్కజొన్న రొట్టె, దానిమీద గుప్పెడు కూర, తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, పిండిన నిమ్మకాయ, అంతే. దానిని మడిచి, తల కాస్త పక్కకు వంచి, నాలుగు కొరుకుల్లో ముగిస్తారు. మయొనైజ్ ఊసే ఉండదు.

నాచోస్ కథ మరీ ముచ్చటైనది. 1940లలో సరిహద్దు పట్టణమైన పియెద్రాస్ నెగ్రాస్‌లో, ఇగ్నాసియో అనయా అనే హోటల్ ఉద్యోగి, వంటవాడు కనబడని వేళ వచ్చిపడిన అమెరికన్ అతిథులకు చేతికి దొరికిన టోర్టియా ముక్కల మీద చీజు, హాలపెన్యో మిరపముక్కలు వేసి కాల్చి ఇచ్చాడు. ఇగ్నాసియో అన్న పేరుకు అక్కడి ముద్దుపేరు నాచో. అంటే మీరు తిన్నది ఒక మనిషి పేరు.

అందుకని మీ హోటల్ వారు మోసం చేశారని నేను అనను. టెక్స్-మెక్స్ కూడా ఒక ప్రాంతపు నిజమైన వంటే. కాకపోతే బోర్డు మీద మెక్సికన్ అని రాసి సీసా సాస్ పెట్టడం మాత్రం క్షమించరానిది.


కేటీ రోడ్డు
ఆదివారం, ఉదయం 9.05

నలుగురికి పదిహేను వందలు పెడితే రాగిసంగటి, నాటుకోడి పులుసు కడుపు నిండా పెట్టే చోట్లు మన ఊరిలో ఎన్ని లేవు? శనివారమైతే సంగటిలోకి ఊరిబిండి పచ్చడి చాలు. చీలిపోయే పెంకుల కోసం ఇంత విచారం అనవసరమని నా అభిప్రాయం.


పెనం దగ్గరి మనిషి
ఆదివారం, మధ్యాహ్నం 3.40

ఇప్పుడు తిరుపతిలోనే వేరే పని చేసుకుంటున్నాను గానీ, బెంగళూరులో ఇలాంటి ఒక హోటల్ వంటగదిలో నాలుగేళ్లు పనిచేశాను. రొట్టె ఎందుకు సాగిందో నేను చెప్పగలను.

మైదా టోర్టియాలు ప్యాకెట్లలో గడ్డకట్టి వస్తాయి. వాటిని తీసి పొడి పెనం మీద ఒక్కొక్క వైపు అర నిమిషం కాలిస్తే పొంగి, అక్కడక్కడా మచ్చలు పడి మెత్తబడతాయి. ఆరు బల్లల నుంచి ఒకేసారి ఆర్డర్లు వచ్చిన రాత్రి ఎవరికీ పెనం ఖాళీ ఉండదు. అప్పుడు మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు తిప్పి పంపుతారు. వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బల్ల మీదికి వచ్చి రెండు నిమిషాలు చల్లారితే రబ్బరులా సాగుతుంది. మీకు జరిగినది కచ్చితంగా ఇదే. ఈసారి వెళ్లినప్పుడు "పెనం మీద కాల్చి ఇవ్వండి" అని ముందే చెప్పండి. అడిగినవారికి మేము ఎన్నడూ కాదనలేదు.

సల్సా విషయం మరో రకం. మేము మొదట్లో టమోటాను, మిరపకాయను, తెల్లగడ్డను నిప్పు మీద నల్లగా మాడ్చి, రోట్లో దంచి పెట్టేవాళ్లం. వారంలో పది గిన్నెలు వెనక్కి వచ్చాయి. మాడు వాసన వస్తున్నదని కొందరు, నీళ్లగా ఉన్నదని కొందరు అన్నారు. యజమాని రెండో నెలలో తీపి సాస్ కలపమన్నాడు, గిన్నెలు వెనక్కి రావడం ఆగిపోయింది. ఇందులో వంటవాడి తప్పు ఎంత, తినేవారి తప్పు ఎంత అన్నది మీరే తేల్చండి.

గ్వాకమోలి గురించి మీరు ఏమీ రాయలేదు. దాని రంగు ఎలా ఉంది? బటర్ ఫ్రూట్ కోసిన కాసేపటికే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. నిమ్మరసం ఆ మార్పును కొంతసేపు ఆపుతుంది. మీ బల్లకు వచ్చినది పచ్చగా ఉంటే అప్పుడే నూరినట్టు. లోపల పచ్చగా, పైన నల్లగా ఉంటే కప్పకుండా వదిలేశారన్నమాట.


కొర్లగుంట వాసి
ఆదివారం, సాయంత్రం 5.20

గ్వాకమోలి మాత్రం లోపలా పైనా పచ్చగానే ఉంది. చిన్న నల్లరాతి రోలులో, మూడు కాళ్ల మీద నిలబెట్టి తెచ్చారు. అమ్మ తినడం మాని ఆ రోలును తిప్పి తిప్పి చూసింది. సన్నికల్లు కూడా ఉంటుందా అని ఆ కుర్రవాడిని అడిగితే అతనికి అర్థం కాలేదు.


హ్యూస్టన్ నుంచి తిరిగివచ్చినవాడు
ఆదివారం, సాయంత్రం 6.00

అమ్మగారి ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఆ మూడు కాళ్ల రోలును మోల్కాహెతె అంటారు, అగ్నిపర్వతపు నల్లరాతితో చెక్కుతారు. సన్నికల్లు కూడా ఉంది, దాని పేరు మెతాతె. మొక్కజొన్నను దానిమీదే మోకాళ్ల మీద కూర్చుని నూరేవారు. టోర్టియా కాల్చే పెనం కోమాల్, పూర్వం మట్టితో చేసేవారు. మన వంటింట్లో మిక్సీ వచ్చి మూలన పెట్టినవన్నీ అక్కడి పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. మొక్కజొన్న, చిక్కుడుగింజలు, మిరప ఆధారంగా తరతరాలుగా సాగుతున్న ఆ సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.


పాలమనేరు మొక్కజొన్న
ఆదివారం, రాత్రి 8.45

హోటల్‌లో మైదా రొట్టె పెట్టడానికి అసలు కారణం ఎవరూ చెప్పలేదు. మొక్కజొన్న టోర్టియా చేయాలంటే సున్నం కావాలి. మన అంగళ్లలో దొరికే మొక్కజొన్న పిండిని తెచ్చి నీళ్లు పోసి పిసికితే అది ముద్ద కట్టదు, ఒత్తితే అంచులు పగులుతాయి, పెనం మీద వేస్తే విరుగుతుంది. నేను మూడుసార్లు చేసి, మూడుసార్లూ ఉప్మాలా గరిటెతో తిన్నాను. పిండిలో లోపం లేదు. గింజకు ముందుగా జరగవలసిన ఒక పని జరగలేదు.

మెక్సికోలో ఎండు గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే రాత్రంతా నానబెడతారు. సున్నం పైపొట్టును కరిగించి జారేలా చేస్తుంది, లోపలి పిండికి జిగురు వస్తుంది. మర్నాడు కడిగి నూరితే ముద్ద అయిన ఆ పిండిని మాసా అంటారు. హోటల్‌లో మీరు తిన్న నాచోస్‌కు ఒక ప్రత్యేకమైన మట్టి వాసన లాంటి వాసన ఉందా? అది ఈ సున్నపు నీటి నుంచి వచ్చేదే.

దీనిలో రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యమూ ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పట్టని రూపంలో బంధించబడి ఉంటుంది. సున్నం దానిని విడిపిస్తుంది. యూరప్ వారు మొక్కజొన్న గింజను తీసుకుపోయారు గానీ సున్నపు పద్ధతిని వదిలేశారు. మొక్కజొన్న మీదే బతికిన పేదలకు అక్కడ పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చలించే జబ్బు అది. అదే జబ్బు దక్కనులో జొన్న మీద బతికే పేదలలో కూడా కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధం ఉన్నదని డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించారు. హోటల్ చర్చలో ఇది ఎందుకంటే, ఆ మెత్తటి రొట్టె వెనుక ఇంత పని ఉన్నదని తెలిస్తే, నలభై రూపాయలు ఎక్కువ అడిగినా నేను ఇస్తాను కనుక.

నాలుగోసారి సున్నంతో చేశాను. కిలో ఎండు గింజలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల సున్నం వేశాను. ముప్పావు గంట ఉడికించగా నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, గింజను వేళ్ల మధ్య రుద్దితే పొట్టు పొరలుగా ఊడివచ్చింది. మర్నాడు నాలుగైదు నీళ్లలో కడిగి తడి గ్రైండర్‌లో వేశాను. ముద్దను పాలిథిన్ కవరు మడతలో పెట్టి పళ్లెంతో ఒత్తితే గుండ్రంగా, అంచు పగలకుండా వచ్చింది. రెండోసారి తిప్పినప్పుడు పెనం మీద పుల్కాలా పొంగింది.


కొర్లగుంట వాసి
ఆదివారం, రాత్రి 9.10

సున్నం అంటే తాంబూలంలో వేసుకునేదేనా? గింజలు ఎక్కడ కొన్నారు? మా వీధిలో స్వీట్ కార్న్ తప్ప మరొకటి కనబడదు.


పాలమనేరు మొక్కజొన్న
ఆదివారం, రాత్రి 9.35

తాంబూలపు సున్నమే, రంగూ సువాసనా కలపని తెల్లది తీసుకోండి. గోడలకు వేసే సున్నం మాత్రం వంటింట్లోకి తేవద్దు. స్వీట్ కార్న్ ఈ పనికి రాదు, అది లేత గింజ. బాగా ఎండిన గింజలను ధాన్యం అంగడిలోనో, రైతు దగ్గరో కొనండి. విత్తనాల దుకాణంలో ఎట్టి పరిస్థితిలోనూ కొనవద్దు. విత్తనాలకు తెగుళ్ల మందు పట్టించి ఉంటారు, ఎంత కడిగినా తినడానికి పనికిరావు. ఈ ఒక్క మాట మీద మాత్రం నాతో వాదించకండి.


తెలుగు పంతులమ్మ
సోమవారం, ఉదయం 6.50

అమ్మగారు "ఇందులో పరదేశం ఏముంది" అన్న మాట చదివి రాత్రంతా అదే ఆలోచించాను. నిజానికి ఆమె మాటను తిరగవేసి అడగవచ్చు: మన వంటలో పరదేశం కానిది ఎంత? మిరపకాయ, మొక్కజొన్న, సపోటా, బంతిపువ్వు మెక్సికో సీమవే. టమోటా అన్న మాట అక్కడి నావాతిల్ భాషలోని తొమాత్ల్ నుంచి, సపోటా త్సపోత్ల్ నుంచి వచ్చాయి. అన్నమాచార్యులు 1503లో కాలం చేశారు. వాస్కోడగామా కళ్లికోటకు వచ్చినది 1498లో. పోర్చుగీసువారి వెంట మిరప మన దేశంలో అడుగుపెట్టే నాటికి ఆయన జీవితం ముగిసింది. అంటే వేంకటేశుని మీద అన్ని సంకీర్తనలు రాసిన మహానుభావుడు మిరపకాయ కారం ఎరుగడన్నమాట. ఆయనకు కారమంటే మిరియమే. మిరప అన్న పేరు కూడా ఆ మిరియం నుంచి పుట్టినదే.

కేటీ రోడ్డు గారు ఊరిబిండిని తెచ్చారు కనుక అడుగుతున్నాను. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ కలిపి నూరే పచ్చడి మెక్సికోలో ఏమైనా ఉందా?


హ్యూస్టన్ నుంచి తిరిగివచ్చినవాడు
సోమవారం, ఉదయం 8.15

ఉంది. వెరాక్రూజ్ ప్రాంతపు సల్సా మాచా అచ్చంగా అదే. ఎండుమిరపకాయలు, చెనక్కాయలు, తెల్లగడ్డ, కొందరైతే నువ్వులు కూడా నూనెలో వేయించి నూరుతారు. మన ఊరిబిండి కన్నా నూనె ఎక్కువ, నిలవ ఎక్కువ.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1565 నుంచి 1815 వరకు మనీలాకూ అకపుల్కోకూ మధ్య స్పానిష్ ఓడలు తిరిగేవి. మామిడి ఆ దారినే మెక్సికో చేరింది. అక్కడి తోపుడు బండ్ల మీద మామిడిని పువ్వులా కోసి, కారం, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు చిత్తూరు బస్టాండులో తోతాపురి ముక్కలు అమ్మే ముసలమ్మ గుర్తుకు వచ్చింది. తోతాపురి పండే జిల్లాలో ఉండి, ఆ హోటల్ వారు మే నెలలో మామిడి సల్సా చేయకపోతే అది వారి దురదృష్టం.


కేటీ రోడ్డు
సోమవారం, ఉదయం 8.40

ఊరిబిండి వారిదగ్గరా ఉన్నదంటే నేను కొంత మెత్తబడుతున్నాను. అయితే హోటల్ మెనూలో అది ఎందుకు లేదు?


పద్మావతి యూనివర్సిటీ విద్యార్థిని
సోమవారం, రాత్రి 9.30

ఈ చర్చ చదివి నేనూ నా స్నేహితురాళ్లు ఈ సాయంత్రం అదే హోటల్‌కు వెళ్లామని అనుకుంటున్నాను, ఎందుకంటే బోర్డు మీద మీసాల బొమ్మ ఉంది. పెద్దవాళ్లు దాన్ని మరీ కడిగిపారేశారు గానీ, మాలాంటివారికి రెండు వందల్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకునే చల్లటి చోటు ఇంకొకటి లేదు. సోమవారం జనం తక్కువ. పెనం దగ్గరి మనిషి గారు చెప్పినట్టే టోర్టియాను పెనం మీద కాల్చమన్నాను, మయొనైజ్ వద్దన్నాను, నిమ్మబద్దలు విడిగా ఇమ్మన్నాను. లోపల నుంచి వంటవాడే బయటికి వచ్చి ఎవరు అడిగారో చూసి వెళ్లాడు. వచ్చిన కేసడియా మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి, కొరికితే పైపొర కరకరలాడి లోపల చీజు సాగింది, రొట్టె సాగలేదు. సల్సా మాత్రం అదే తీపి. బిల్లులో సేవా రుసుము తీసివేయమంటే మారు మాట్లాడకుండా తీసేశారు. కుర్రవాడికి ఇరవై రూపాయలు విడిగా ఇచ్చాము.

ఓర్చాతా అనే పానీయం ఒకటి ఉంది, ఎవరూ దాని ఊసు ఎత్తలేదు. నానబెట్టిన బియ్యం నూరి, వడకట్టి, దాల్చినచెక్క, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.


కొర్లగుంట వాసి
గురువారం, రాత్రి 9.55

బుధవారం మళ్లీ వెళ్లాను, ఈసారి అమ్మా నేనూ మాత్రమే. ఆమె ఇంట్లో నూరిన ఊరిబిండిని చిన్న స్టీలు డబ్బాలో తెచ్చి, నేను వద్దంటున్నా వినకుండా బల్ల మీద పెట్టింది. బయటి తిండి తేకూడదని గోడ మీద రాసి ఉంది. కుర్రవాడు డబ్బాను, అమ్మను మార్చి మార్చి చూసి ఏమీ అనకుండా వెళ్లి వంటవాడిని పిలుచుకు వచ్చాడు. కొట్లాట తప్పదనుకున్నాను. ఆ వంటవాడు పీలేరు వైపు మనిషి. చెంచా కొసతో తీసి నాలుక మీద పెట్టుకుని, "చెనక్కాయలు ఇంకొంచెం మాడాలవ్వా" అన్నాడు. "నీ సల్సాలో చక్కెర తగ్గాలి నాయనా" అని అమ్మ అంది.

వంటవాడు లోపలికి వెళ్లి పది నిమిషాల తరువాత ఒక చిన్న గిన్నె తెచ్చాడు. కాల్చిన టమోటా, పచ్చిమిరపకాయ, తెల్లగడ్డ, ఉప్పు తప్ప మరేమీ లేవు. టమోటా తొక్క నల్లటి పేలికలుగా అందులో కనబడుతున్నది. మెనూలో లేదని, తాము తినడానికి చేసుకుంటామని చెప్పాడు. దానికి డబ్బు వేయలేదు.

అడిగితే అలాంటి సల్సా అందరికీ చేస్తానని, అయితే రద్దీ ఉండే శని, ఆదివారాలు వద్దని, ఒక పూట ముందు చెప్పాలని అన్నాడు. మొక్కజొన్న టోర్టియా మాట ఎత్తితే, గింజ, సున్నం తెచ్చిస్తే ఒకసారి చేసి చూస్తానన్నాడు. పాలమనేరు గారూ, మీరు రెండు కిలోల గింజలు తేగలిగితే వచ్చే బుధవారం సాయంత్రం ఏడు గంటలకు ఆరుగురికి బల్ల చెప్పి ఉంచుతాను. నానబెట్టాలి కనుక గింజలు సోమవారానికే ఆయన చేతికి అందాలి. కేటీ రోడ్డు గారు కూడా వస్తే సంతోషం. అమ్మ డబ్బా మళ్లీ తెస్తుంది.